ఆగ్నేయ మూలన బియ్యం బస్తా

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరైనా "ఇలా జరిగింది" అంటే "మళ్ళీ జరిపించి చూపించు" అనడమే నా ఉద్యోగం. దయ్యాలు, గాలి సోకడాలు, దిష్టి తగలడాలు అంటూ నా ముందు ఎవరు మొదలుపెట్టినా పుల్ల విరిచినట్టు జవాబు చెప్పేదాన్ని. కాలేజీ హాస్టల్లో మూడో అంతస్తు బాత్‌రూమ్‌లో ఏదో ఉందని అమ్మాయిలంతా అటు వెళ్ళడమే మానేస్తే, నేను బకెట్టు పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళి వేడినీళ్ళన్నీ వాడుకుని వచ్చేదాన్ని.

ఇది చదివి "పాపం, పిరికిది" అని ఎవరూ అనుకోకూడదనే ముందే చెబుతున్నాను. ఆ రోజు నాకు భయం వేసింది నిజమే, కానీ అది రోడ్డు మీద భయం. మిగతాది తలుచుకుంటే భయం కాదు, జవాబు దొరక్క ఒళ్ళు మండుతుంది.

మేం న్యూజిలాండ్‌లో, లోవర్ హట్ అనే ఊళ్ళో ఉంటాం. నేను, ఇంజినీరైన మా ఆయన మురళి, మా అమ్మాయి నిత్య, మా అత్తయ్య. అత్తయ్యది నరసాపురం. మావయ్యగారు పోయాక రెండేళ్ళ కిందట మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడకి షుగరు ఉంది. అరగంటకోసారి బాత్‌రూమ్‌కి వెళ్ళాలి. అది కూడా నీళ్ళూ చెంబూ ఉన్న బాత్‌రూమ్ అయితేనే. రోడ్డు పక్క పబ్లిక్ టాయిలెట్లలోకి అడుగు పెట్టరు.

వచ్చిన కొత్తలో ఒకసారి ఆక్లాండ్ బయల్దేరాం, మౌంట్ ఆల్బర్ట్‌లో ఉన్న మా ఆడపడుచు ఇంటికి. దారిలో ఆవిడ ఓర్చుకోలేకపోయారు. కారు సీటు తడిసింది. ఇంటికి తిరిగొచ్చాక చీర తనే ఉతుక్కుని, "ఇక నన్నెక్కడికీ తీసుకెళ్ళకండి" అన్నారు. అంతే. ఏడాదిన్నర పాటు ఆవిడకి న్యూజిలాండ్ అంటే మా వంటింటి కిటికీ, బట్టలారేసే తీగ, అటుగా వెళ్ళే రైలు.

దగ్గర్లోనే పెటోనె బీచ్ ఉంది. పది నిమిషాలు. తీసుకెళ్తే చూసి పెదవి విరిచేశారు. "అల లేని సముద్రమేంటమ్మా, చెరువు గట్టులా" అన్నారు. హార్బర్ కదా, నిజంగానే అక్కడ పెద్ద అలలుండవు. నరసాపురం మనిషికి అది ఆనలేదు.

క్యారవాన్ కొందామన్న ఆలోచన మురళిది. మా పాత ఎనిమిది సీట్ల వ్యాన్ వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న క్యారవాన్. అందులో గూడంత టాయిలెట్, ఒక సింక్, రెండు బర్నర్ల పొయ్యి. అత్తయ్యకి ఎప్పుడు అవసరమైతే అప్పుడు బండి పక్కకి ఆపొచ్చు, చెంబు మన చెంబే. హైదరాబాద్‌లో మా చెల్లెలికి చెబితే "ఏంటే, షూటింగా?" అని నవ్వింది. మనవాళ్ళకి క్యారవాన్ అంటే హీరోలు మేకప్ వేసుకునే బండే మరి.

జాన్సన్‌విల్‌లో ఒకావిడ అమ్ముతోంది. వాళ్ళ నాన్నదట. "నాన్నకి ఇదంటే ప్రాణం" అని దాని తలుపు నిమిరింది. మేం కూడా మొహం దిగాలుగా పెట్టి, ఎక్కువ బేరం ఆడకుండా తెచ్చుకున్నాం.

మొదటి ప్రయాణం క్యాజిల్‌పాయింట్‌కి అనుకున్నాం. అవతలి తీరం. అక్కడ అసలైన అలలు ఉంటాయి. అత్తయ్యని ఒప్పించడానికి నెల పట్టింది. చివరికి "సరే, ఈ ఒక్కసారి చూద్దాం. మళ్ళీ నా పరువు పోయే పనైతే మాత్రం ఇంకెప్పుడూ అడగొద్దు" అన్నారు. ఆ మాటలో ఆవిడ ఎంత భయపడుతున్నారో నాకు తెలిసింది. ఈ మూడు రోజులూ సజావుగా జరగకపోతే ఆవిడ మళ్ళీ గడప దాటరు. నాకూ మురళికీ ఇద్దరికీ అదే గుబులు.

బయల్దేరే రోజు పొద్దున్నే అత్తయ్య వ్యాన్‌కీ క్యారవాన్‌కీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఆరు చక్రాల కింద ఆరు నిమ్మకాయలు పెట్టారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడకి క్యారవాన్‌లో వంటసామాను ఎక్కడ పెట్టాలన్న అనుమానం వచ్చింది. నిత్య చేత ఫోన్లో దిక్సూచి చూపించుకున్నారు. మా వాకిట్లో బండి నిలబడి ఉన్న తీరుకి వెనకవైపు ఎడమ మూల ఆగ్నేయం అయింది. అక్కడ ఒక పెద్ద అలమర ఉంది.

"సామానంతా అందులో సర్దెయ్యండి" అన్నారు అత్తయ్య.

"అమ్మా, ఇది బండే. వీధి మలుపు తిరిగామంటే నీ ఆగ్నేయం కాస్తా వాయవ్యం అయిపోద్ది" అన్నాడు మురళి.

"బయల్దేరేటప్పుడు ఎక్కడుంటే అదేరా లెక్క. ముహూర్తం మాత్రం బయల్దేరేటప్పుడు చూడ్డం లేదేంటి?"

మా ఇంజినీరు నవ్వేసి సామాను ఎత్తడానికి వంగాడు. నాకూ ఆవిడ ఉత్సాహంగా ఉంటే చాలన్న ఆశ. ఇరవై కిలోల బియ్యం బస్తా, గ్రైండర్, రెండు కుక్కర్లు, ఇనుప పెనం, పది లీటర్ల మంచినీళ్ళ క్యాన్లు రెండు, ఆవకాయ జాడీ, మాగాయ జాడీ, అన్నీ ఆ వెనక మూల అలమరలో కుక్కాం. మూడు రోజులకి ఇరవై కిలోల బియ్యం ఎందుకని నేనడిగితే, "దారిలో ఎవరైనా కలిస్తే ఒట్టి చేతుల్తో పంపుతామా?" అన్నారు. నిత్య నవ్వుకుంటూ అదంతా ఫోటోలు తీసింది. అవి ఇప్పటికీ మా దగ్గర ఉన్నాయి.

అప్పర్ హట్ దాటాక, రెముటాకా కొండ ఎక్కే ముందు ఒకసారి ఆపాం. అత్తయ్య క్యారవాన్‌లో బాత్‌రూమ్ వాడుకున్నారు. నేను తోడు వెళ్ళాను. టీ కోసం ఆ అలమర తెరిచి చిన్న గిన్నె తీశాను, మళ్ళీ మూశాను. ఆ అలమర గొళ్ళానికి ఒక గుండీ ఉంది. గుండీ నొక్కి పట్టుకుని లాగితేనే తెరుచుకుంటుంది. మూసినప్పుడు టక్కుమని శబ్దం వస్తుంది. వచ్చింది. బయటికొచ్చి క్యారవాన్ తలుపుకి తాళం నేనే వేశాను. అలవాటు కొద్దీ మూడుసార్లు లాగి చూశాను. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను. రెండో తాళంచెవి ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది.

ఆ రోజు కొండ మీద గాలి బాగా ఉంది. ఎత్తుగా ఉన్న బండ్లు జాగ్రత్త అని కొండ మొదట్లో బోర్డు వెలిగింది. ఆ రోడ్డు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అన్నీ మలుపులే, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. మురళి రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ఊపిరి బిగబట్టి నడిపాడు. కానీ బండి ఎంత బుద్ధిగా వచ్చిందంటే, నల్లేరు మీద బండి నడకే. గాలి కొట్టినప్పుడు వ్యాన్ కాస్త కదిలేది, వెనక క్యారవాన్ మాత్రం నిక్కచ్చిగా మా వెంటే వచ్చింది. ఎక్కడా ఆపలేదు. దిగేసరికి మురళి గర్వం చూడాలి.

కొండ దిగగానే ఫెదర్‌స్టన్‌లో భోజనానికి ఆగాం. తాళం నేనే తీశాను. తలుపు తెరిచి అక్కడే నిలబడిపోయాను.

సామాను అలమరలో లేదు. క్యారవాన్ మధ్యలో, చక్రాలున్న చోటికి కొంచెం ముందుగా, రెండు బెంచీల మధ్య నేల మీద ఉంది. పడిపోయినట్టు లేదు, సర్ది ఉంది. నీళ్ళ క్యాన్లు చెరో పక్క. మధ్యలో గ్రైండర్ నిటారుగా. దాన్ని ఆనించి బియ్యం బస్తా పడుకోబెట్టి ఉంది. బస్తాకీ బెంచీకీ మధ్య సందులో కుక్కర్లు. జాడీలు రెండూ అత్తయ్య తువ్వాలులో చుట్టి, కదలకుండా ఇరికించి ఉన్నాయి. ఆవకాయ జాడీ మూత పక్కనుంచి నూనె చుక్క కూడా కారలేదు. వెనక అలమర తలుపు వేసి ఉంది. గుండీ నొక్కి తెరిచి చూశాను. లోపల ఖాళీ.

నాకు మొదట వచ్చింది కోపం. ఇది మురళి పనే అనుకున్నాను. "నేనెప్పుడు చేశానే? కొండెక్కుతూ స్టీరింగ్ వదిలేసి వెనక్కెళ్ళానా?" అన్నాడు. అతను నన్ను అనుమానించాడు. ఇద్దరం కలిసి నిత్యని అడిగాం. అది "అమ్మా, సీరియస్‌లీ? ఐ వాస్ ఇన్ ద వ్యాన్" అని, మా మొహాలు చూసి నవ్వొచ్చి, నేల మీద సర్ది ఉన్న ఆ సామాన్ని కూడా ఒక ఫోటో తీసింది.

చివరికి మురళి తన ఇంజినీరింగ్ బుర్రతో "బ్రేకులకి జారి ఉంటాయిలే" అని తేల్చేశాడు. అత్తయ్యకి అసలు ఆ గొడవే పట్టలేదు. ఆవిడ బాధల్లా సామాను ఆగ్నేయం వదిలేసిందని. "ముందు అన్నీ ఎక్కడివక్కడ పెట్టేయండమ్మా" అన్నారు. ఆకలి మీదున్నాం. పులిహోర తినేసి, అన్నీ మళ్ళీ మోసి వెనక మూల అలమరలో పెట్టేశాం. ఇప్పుడు ఆ మూల ఏ దిక్కుకి ఉందో ఎవరూ చూడలేదు.

ఫెదర్‌స్టన్ నుంచి రోడ్డు తిన్నగా, బల్లపరుపుగా ఉంటుంది. కొండ దాటేశామన్న ధీమాలో మురళి ఎనభైకి వెళ్ళాడు. రెండు మూడు కిలోమీటర్లు వెళ్ళామో లేదో, ఎదురుగా ఒక లారీ విసురుగా దాటి వెళ్ళింది. అప్పుడు మొదలైంది. వెనకనుంచి ఎవరో వ్యాన్‌ని పట్టుకుని కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి గుంజుతున్నట్టు. మొదటి ఊపు చిన్నది, రెండోది పెద్దది, మూడోదానికి క్యారవాన్ అద్దంలో పక్కకి కనబడింది. నేను కేక పెట్టాను. అత్తయ్య నిత్య చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. మురళి బ్రేకు తొక్కలేదు. భయంతో కాలు గాల్లోనే బిగుసుకుపోయిందట, అందుకే తొక్కలేదని తర్వాత ఒప్పుకున్నాడు. అప్పటికే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు, అదే మమ్మల్ని కాపాడింది. ఊపు మెల్లగా తగ్గి, బండి గడ్డి మీదకి దిగి ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోతే అత్తయ్యది, "నావల్లే. నేను రాకూడదు. ఇంటికి తీసుకెళ్ళిపోండిరా" అని ఒకటే మాట. ఆవిడ నిజంగానే బాత్‌రూమ్‌కి కూడా వెళ్ళనని మొండికేశారు. నేను బలవంతంగా తీసుకెళ్ళాను. ఆ పది అడుగులు నడుస్తున్నప్పుడు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెల రోజులు బతిమాలి తెచ్చింది ఇందుకా అనిపించింది.

మా వెనకే, రైతులు వాడే వెనక తొట్టి ఉన్న యుటిలిటీ బండి ఒకటి ఆగింది. దాని వెనక గొర్రెల ట్రెయిలర్ ఉంది. పొడుగు రబ్బరు బూట్లు వేసుకున్న, అరవై ఏళ్ళ ఈ దేశపు ఆవిడ దిగింది. చాలా దూరం నుంచి చూస్తూ వచ్చిందట. మమ్మల్ని పరామర్శించి, అడక్కుండానే క్యారవాన్ వెనక బంపరు మీద అరచేత్తో నొక్కి చూసింది. "వెనక ఏం పెట్టారు?" అంది. అలమర తెరిచి చూపించాను. బియ్యం బస్తా చూసి కనుబొమలెత్తింది.

బరువంతా తోక మీద పెడితే ఏ ట్రెయిలరైనా ఇలాగే ఊగుతుందని, ఒక స్థాయి దాటితే వ్యాన్‌ని కూడా తిప్పి పడేస్తుందని చెప్పింది. బరువైనవి చక్రాల మీద, కాస్త ముందుకి, నేల మీదే ఉండాలట. గొర్రెల్ని ట్రెయిలర్లో ఎక్కించే దగ్గర తను పదేళ్ళప్పుడే నేర్చుకుందట. తర్వాత అడిగింది, "ఇలా పెట్టుకుని ఆ కొండ ఎలా దాటారు? ఈ గాలిలో?"

ఆవిడ చెప్పినట్టే సర్దడం మొదలుపెట్టాం. ఆవిడే దగ్గరుండి చూపించింది. నీళ్ళు చెరో పక్క, గ్రైండర్ మధ్యలో, బస్తా దానికి ఆనించి, పగిలేవి సందులో.

"అమ్మా" అంది నిత్య. ఫోన్ నా ముందు పెట్టింది. ఫెదర్‌స్టన్‌లో తీసిన ఫోటో. ఫోటో చూశాను, నేల మీద సామాను చూశాను. జాడీలు చుట్టిన తువ్వాలు మడత ఒక్కటే తేడా. ఫోటోలో మడత ఇంకా పొందికగా ఉంది.

నా చేతుల మీద రోమాలు లేచాయి. ఎండగా ఉంది, పక్కన గొర్రెలు అరుస్తున్నాయి, రోడ్డు మీద బండ్లు పోతున్నాయి.

ఫోటో అత్తయ్యకీ చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. నేను ఆవిడ ఇంకా భయపడతారనుకున్నాను. కానీ ఆవిడ ఫోన్ నా చేతికిచ్చి, కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"ఎవరో గానీ, మనల్ని చేర్చాలని ఇంత బరువు మోశారు. ఇంటికెళ్ళిపోతే వాళ్ళ కష్టం ఏమవ్వాలి? పద, అలలు చూద్దాం" అన్నారు.

వెళ్ళే ముందు ఆ గొర్రెల ఆవిడకి ఒక డబ్బా పులిహోర, అయిదు కిలోల బియ్యం ఇచ్చారు. ఆవిడ బియ్యం ఎందుకో అర్థంకాక, కాదనలేక తీసుకెళ్ళింది.

క్యాజిల్‌పాయింట్‌కి సాయంత్రం వెలుతురుండగానే చేరాం. అత్తయ్య చెప్పులు వదిలేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి వెళ్ళారు. మొదటి అల మోకాళ్ళ దాకా వచ్చింది. "ఇదీ సముద్రమంటే!" అని మనవరాలి వైపు తిరిగి గట్టిగా అరిచారు. ఆవిడ అరవడం నేను అప్పటిదాకా వినలేదు.

మూడు రోజులూ హాయిగా గడిచిపోయాయి. క్యాంప్ గ్రౌండ్‌లో దోసెల వాసనకి పక్క టెంట్లవాళ్ళు వచ్చారు. పదిహేను కిలోల బియ్యంలో ఎనిమిది కిలోలు నిజంగానే అయిపోయాయి.

నా బుద్ధి ఊరుకోదు కదా. రెండో రోజు పొద్దున ఖాళీ మైదానంలో పరీక్ష పెట్టాను. సామానంతా మళ్ళీ ఆ అలమరలో పెట్టి, మురళి చేత గుండ్రంగా తిప్పించి, అకస్మాత్తుగా బ్రేకులు వేయించాను. జాడీలకి మాత్రం అత్తయ్య ఒప్పుకోలేదు, "నా ఆవకాయతో నీ ప్రయోగాలేంటమ్మాయ్" అన్నారు. వాటి బదులు ఇసుక నింపిన డబ్బాలు పెట్టాను. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అలమర తెరుచుకోలేదు. నాలుగోసారి కావాలని తలుపు వేయకుండా వదిలేశాను. అప్పుడు సామాను బయటపడి, అలమర ముందే కుప్పగా పడింది. ఒక్క వస్తువు కూడా మధ్య దాకా రాలేదు.

ఇంటికెళ్ళాక మురళి ఒక సిద్ధాంతం చెప్పాడు. ఆ పాత యజమాని ఉన్నాడే, ప్రాణంగా చూసుకున్నవాడు, ఆయన ఆత్మే అన్నాడు. ఇంజినీరు నోట్లోంచి ఆత్మ అన్న మాట రావడం అదే మొదలు. సరే చూద్దామని జాన్సన్‌విల్ ఆవిడకి ఫోన్ చేశాను, ఆయన సామాను ఎలా సర్దేవారో అడుగుదామని. "ఉండండి, నాన్నకిస్తాను" అంది. ఆయన లక్షణంగా బతికే ఉన్నాడు. మోకాళ్ళు పోయి డ్రైవింగ్ మానేశాడట, అంతే. సామాను సర్దడం గురించి అడిగితే, అదంతా మా ఆవిడే చూసుకునేది, ఆవిడ కూడా పక్కనే ఉంది, ఇస్తాను మాట్లాడండి అన్నాడు. ఆవిడ గ్రైండర్ అంటే ఏంటని అడిగింది.

పోనీ మావయ్యగారేమో అని నేనే మెల్లగా అత్తయ్య దగ్గర కదిపాను. ఆవిడ పకపకా నవ్వారు. "ఆయనా? బతికున్నన్నాళ్ళూ తాగిన గ్లాసు ఇటునుంచి అటు పెట్టలేదు. పోయాక వచ్చి బియ్యం బస్తా మోస్తాడా?" అన్నారు.

తిరుగు ప్రయాణం గురించి ఒక మాట చెప్పాలి. సామాను ఈసారి మేమే సరిగ్గా సర్దాం. కొండ మీద మళ్ళీ గాలే, బండి మళ్ళీ బుద్ధిగానే వచ్చింది. దిగువన అప్పర్ హట్ దగ్గర ఆపినప్పుడు అత్తయ్య బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చి, వ్యాన్‌లో కూర్చుని సీటు బెల్టు తనే పెట్టుకుంటూ, "మళ్ళీ ఎప్పుడు వెళ్దాం? ఈసారి రెండు అలల ఊళ్ళు చూసుకోండి" అన్నారు. మురళి అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు క్యారవాన్‌లోకి వెళ్ళాను.

లోపల పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. గ్రైండర్, క్యాన్లు, తగ్గిపోయిన బస్తా, తువ్వాలు, ఏదీ అంగుళం కదల్లేదు. అలా ఉండాలనే కదా సర్దాం. అయినా ఎందుకో నాకు వెలితిగా అనిపించింది. తలుపు దగ్గరగా వేసి, ఎవరూ లేని ఆ క్యారవాన్‌లో నిలబడి థాంక్స్ చెప్పాను. వాళ్ళది ఏ భాషో తెలియదు కాబట్టి తెలుగులో ఒకసారి చెప్పాను, ఇంగ్లీషులో ఒకసారి చెప్పాను. ఈ నేలవాళ్ళేమో అన్న అనుమానంతో, ఇక్కడి ఆదివాసుల భాషలో "కియా ఓరా" అని కూడా అన్నాను.

బయటికొస్తే అత్తయ్య కిటికీలోంచి చూస్తున్నారు. "లోపల ఎవరితో అమ్మాయ్ మాట్లాడుతున్నావు?" అన్నారు.

"ఎవరితోనూ కాదు అత్తయ్యా" అన్నాను. అది నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు.